హెచ్‌పీ కాదు, కొలత అడగండి



వానలు మొదలయ్యాక తోటలో గడ్డి మన మాట వినదు. తుంగ, గరిక, వయ్యారిభామ... పదిహేను రోజులు అటువైపు చూడకపోతే మోకాలెత్తు లేచి కూర్చుంటాయి. ఆ గడ్డిని ఏం చేస్తామన్న దగ్గరే మన ప్రకృతి వ్యవసాయం నిలబడుతుంది, లేదా జారిపోతుంది. దున్నేస్తే పైపైన పాకిన వేర్లు తెగుతాయి, నేల ఎండకు బట్టబయలవుతుంది. గడ్డిమందు కొడితే ఇన్నాళ్లూ జీవామృతం పోసి పెంచుకున్నదంతా మన చేత్తో మనమే కాలరాసుకున్నట్టు. మిగిలింది ఒకటే దారి. గడ్డిని కోయాలి, కోసింది అక్కడే పరవాలి. అదే ఆచ్ఛాదన.

ఈ దారి పట్టినవాళ్లందరికీ ఏదో ఒక గడ్డి కోసే మిషన్ కావాలి. మిషన్ చాలామంది దగ్గర ఉంది కూడా. బ్రష్ కట్టరో, పవర్ వీడరో, మినీ ట్రాక్టరో ఉంటుంది. అసలు చిక్కు దానికి తగిలించే అటాచ్‌మెంట్ దగ్గర వస్తోంది. వీడియోలో చూసి బ్లేడు తెప్పిస్తాం, బిగదు. స్లాషర్ కొంటాం, పిన్ను ఎక్కదు. వీడర్ సెట్ తెప్పిస్తాం, షాఫ్టులో వదులుగా ఊగుతుంది. అది వెనక్కి పంపి, ఇంకోటి తెప్పించేలోపు ఇరవై రోజులు పోతాయి. ఈలోపు గడ్డి విత్తనం కడుతుంది. అప్పుడు పక్క రైతు వచ్చి "ఎందుకన్నా ఈ తిప్పలు, ఒక్కసారి మందు కొట్టేయరాదూ" అంటాడు. ఓపిక నశించినవాడు కొట్టేస్తాడు కూడా. తప్పు సిద్ధాంతంలో లేదు, రైతు మనసులోనూ లేదు. రెండు మిల్లీమీటర్ల తేడాలో ఉంది.

అందుకే ఈసారి పద్ధతుల గురించి కాకుండా కొలతల గురించి రాస్తున్నాను. కొలత ఎలా తీయాలో పైన ఇచ్చిన వీడియోలో చూడొచ్చు. ఎందుకు తీయాలో, ఎవరిని అడగాలో ఇక్కడ చెప్తాను.

పేరు, హెచ్‌పీ సరిపోవు

షాపుకెళ్లి మనం అడిగే ప్రశ్న ఒకటే. "ఏడు హెచ్‌పీ వీడర్‌కి బ్లేడ్ సెట్ ఉందా?" షాపాయన చెప్పే జవాబూ ఒకటే. "ఉంది, యూనివర్సల్, అన్నిటికీ పడుతుంది." రెండూ అరకొర మాటలే. హెచ్‌పీ అనేది ఇంజను బలం. అటాచ్‌మెంట్ బిగిసేది ఇంజనుకు కాదు, షాఫ్టుకి. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు మిషన్లకు రెండు రకాల షాఫ్టులు ఉండొచ్చు. ఒకే రంగు, ఒకే రూపం, పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్న మిషన్లలోనూ తేడా ఉంటుంది.

ఉదాహరణకి బ్రష్ కట్టర్ తీసుకోండి. దాని పొడవాటి పైపు బయటి వ్యాసం ఎక్కువగా 26 మిల్లీమీటర్లో, 28 మిల్లీమీటర్లో ఉంటుంది. కంటితో చూస్తే తేడా తెలియదు. 28 పైపుకి చేసిన వీడర్ అటాచ్‌మెంట్‌ని 26 పైపుకి ఎక్కిస్తే వదులుగా ఉంటుంది. మనవాళ్లు మధ్యలో రేకు ముక్క చుట్టి బిగిస్తారు. రెండు గంటలు పనిచేస్తుంది. తర్వాత తిరిగిపోతుంది. పైపు ఒక్కటే చూస్తే చాలదు. లోపల తిరిగే సన్నటి రాడ్ చివర పళ్లు ఉంటాయి, వాటినే మెకానిక్‌లు స్ప్లైన్లు అంటారు. అవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, రాడ్ మందం ఎంతో చూడాలి. ఈ మూడూ కలిస్తేనే అటాచ్‌మెంట్ కలిసినట్టు.

బ్లేడు సంగతీ అంతే. మార్కెట్లో దొరికే గుండ్రటి బ్లేడ్లలో ఎక్కువవాటికి మధ్య రంధ్రం 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక అంగుళం. 20 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నవీ ఉన్నాయి. 20 కూర్చునే చోట 25.4 బ్లేడు పెడితే పడుతుంది, నట్టు కూడా బిగుస్తుంది. కానీ బ్లేడు నడిమధ్యలో కూర్చోదు. నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే వస్తువు కొంచెం పక్కకి జరిగినా చేతులు తిమ్మిరెక్కుతాయి, గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది, బ్లేడు విరిగి ఎగిరితే ప్రాణం మీదికే వస్తుంది. బ్లేడు మీద అది ఎన్ని చుట్ల వరకు తట్టుకుంటుందో అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకె మన మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. అచ్చు లేని బ్లేడు ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంకో చిన్న విషయం. బ్రష్ కట్టర్‌లో బ్లేడు పట్టి ఉంచే నట్టుకి సాధారణంగా ఎడమ మర ఉంటుంది. మామూలు నట్టు విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అది తెలియక బలం పెట్టి మర పాడుచేసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నైలాన్ తాడు హెడ్ కొనేటప్పుడు కూడా మర ఎడమదా కుడిదా, ఎంత సైజు అన్నది అడిగి తీసుకోండి.

పవర్ వీడర్‌లో ఆరు పలకల షాఫ్టు

పవర్ వీడర్లలో చాలావాటికి బ్లేడ్ సెట్ ఎక్కే షాఫ్టు ఆరు పలకలుగా ఉంటుంది. దీన్ని కొలిచేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి ఉంది. పలక నుంచి ఎదుటి పలకకి కొలవాలి. మూల నుంచి ఎదుటి మూలకి కాదు. పలకల మధ్య 23 మిల్లీమీటర్లు ఉన్న షాఫ్టుని మూలల మీద కొలిస్తే ఇరవై ఆరున్నర వస్తుంది. ఒకాయన ఫోన్లో "నాది ఇరవై ఆరు" అంటాడు, అవతలాయన ఇరవై ఆరు పంపిస్తాడు. అది 23 షాఫ్టు మీద డోలు వాయిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరి కొలతా వేరు.

ఇంజను మార్చుకునేవాళ్లకీ ఇదే జాగ్రత్త. చిన్న పెట్రోల్ ఇంజన్ల షాఫ్టు కొన్నిటికి 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. కొన్నిటికి 20 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటర్ కూడా తేడా లేదు. కానీ 19.05కి చేసిన పుల్లీ 20 మీద ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే మళ్లీ ఊడి రాదు. బెల్టు కూడా చూసుకోండి. ఏ రకం బెల్టు పైవెడల్పు సుమారు 13 మిల్లీమీటర్లు, బీ రకం 17. పాత బెల్టు మీద అక్షరం, అంకె ఉంటాయి. అరిగిపోకముందే రాసి పెట్టుకుంటే సగం పని అయినట్టే.

ట్రాక్టర్‌కి స్లాషర్ తగిలించేవాళ్లకి

మామిడి, నిమ్మ, కొబ్బరి, పామాయిల్ తోటల్లో ఎకరాల లెక్కన గడ్డి కోయాలంటే ట్రాక్టర్ వెనక స్లాషరో మల్చరో కావాలి. ఇక్కడ చూడాల్సినవి నాలుగు.

మొదటిది పిన్నులు. త్రీ పాయింట్ లింకేజీకి కేటగిరీలు ఉన్నాయి. కేటగిరీ 1లో కింది రెండు పిన్నులు 22 మిల్లీమీటర్లు, పైన టాప్ లింక్ పిన్ను 19. కేటగిరీ 2లో కిందివి 28, పైది 25. చిన్న ట్రాక్టర్లకు కేటగిరీ 1 గానీ, ఇంకా ఇరుకైన 1ఎన్ గానీ వస్తుంది. 1ఎన్‌లో కింది రెండు చేతుల మధ్య దూరం తక్కువ. కాబట్టి పిన్ను లావు ఒక్కటే కాదు, చేతుల మధ్య దూరం కూడా టేపు పెట్టి చూడాలి.

రెండోది పీటీవో. మన దగ్గర ఎక్కువగా కనిపించేది 35 మిల్లీమీటర్ల షాఫ్టు, ఆరు పళ్లు, నిమిషానికి 540 చుట్లు. అదే 35 మిల్లీమీటర్లలో 21 పళ్లు ఉంటే అది 1000 చుట్ల రకం. లావు ఒకటే, పళ్లు వేరు, వేగం దాదాపు రెట్టింపు. 540కి చేసిన స్లాషర్‌ని 1000 మీద తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మూడోది తిరిగే షాఫ్టు పొడవు. కొత్త స్లాషర్‌తో వచ్చే పీటీవో షాఫ్టు మీ ట్రాక్టర్‌కి సరిగ్గా సరిపోతుందని అనుకోవద్దు. హైడ్రాలిక్ ఎత్తి, దించి రెండు విధాలా చూడాలి. బాగా దగ్గరైనప్పుడు లోపలి గొట్టం చివరికంటా వెళ్లి గుద్దుకోకూడదు, బాగా దూరమైనప్పుడు ఊడిపోయేంత తక్కువ పట్టు ఉండకూడదు. పొడవు ఎక్కువైతే లోపలి గొట్టాన్నీ బయటి గొట్టాన్నీ, పైన ఉండే ప్లాస్టిక్ తొడుగునీ సమానంగా కోయించాలి. తొడుగు పీకి పారేయవద్దు. పంచె కొంగు, లుంగీ చుట్టుకుని పోయిన ప్రాణాలు మన పల్లెల్లో తక్కువేం కాదు.

నాలుగోది వెడల్పు. ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవండి. స్లాషర్ కోత వెడల్పు దానికంటే తక్కువైతే టైరు తొక్కిన గడ్డి పడుకుంటుంది, కోతకు అందదు, నాలుగు రోజులకి మళ్లీ లేస్తుంది. మరీ ఎక్కువైతే ఇంజను లాగలేదు. అడుగు వెడల్పుకి పీటీవో దగ్గర అయిదు హెచ్‌పీ ఉండాలన్నది స్లాషర్లకు పాత లెక్క. పీటీవో దగ్గర వచ్చే బలం బోర్డు మీద రాసిన ఇంజను హెచ్‌పీ కంటే తక్కువని గుర్తుంచుకోండి.

సీటు మీద కూర్చుని కోసే అమెరికా మిషన్లు

ఈ కొలతల తలనొప్పి మన ఒక్కరిదే కాదు. ఎక్కి కూర్చుని గడ్డి కోసే రైడింగ్ మోవర్ల వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికాలో ఇళ్ల చుట్టూ ఎకరం, రెండెకరాల స్థలం ఉన్నవాళ్లు వీటిని వాడతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లలోనూ కొందరికి ఇవి ఉన్నాయి. ఆ మిషన్ పొట్ట కింద బోర్లించిన పళ్లెంలా ఉండేదాన్ని డెక్ అంటారు. బ్లేడ్లు దాని లోపలే తిరుగుతాయి. గడ్డి సంచి, మల్చింగ్ కిట్, పక్కకి విసిరే గొట్టం లాంటివన్నీ ఆ డెక్‌ని బట్టే బిగుస్తాయి.

అక్కడా మొదటి గందరగోళం సైజు దగ్గరే. 42 అంగుళాల డెక్ అంటే బయటి రేకు వెడల్పు కాదు, కోత వెడల్పు. బయటి రేకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. సరిగ్గా కొలవాలంటే ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసేసి, బ్లేడ్లను అడ్డంగా తిప్పి, ఎడమ చివరి బ్లేడు కొస నుంచి కుడి చివరి బ్లేడు కొస వరకు టేపు పట్టాలి. 42 అంగుళాల డెక్‌లో సాధారణంగా రెండు బ్లేడ్లు, 54లో మూడు. బ్లేడు పొడవు ఒక మూల నుంచి ఐమూలగా ఎదుటి మూలకి, మధ్య రంధ్రం మీదుగా కొలుస్తారు. ఆ రంధ్రం గుండ్రంగా ఉందా, నక్షత్రం ఆకారంలో ఉందా, నక్షత్రమైతే ఎన్ని కొసలన్నదీ చూస్తారు.

అంత చూసినా ఒక్కోసారి పడదు. ఒకే కంపెనీ, ఒకే 42 అంగుళాలు, అయినా ఏళ్లు మారేకొద్దీ డెక్ మారిపోతుంది. రేకు నొక్కి చేసినది ఒకటి, మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చేసినది ఇంకొకటి. గడ్డి బయటికొచ్చే నోరు ఎత్తు, వెడల్పు వేరు, బోల్టు రంధ్రాలు వేరు. అందుకే అక్కడ విడిభాగాల దుకాణంలో ముందు మోడల్ నంబర్ అడుగుతారు. అది చాలా మిషన్లలో సీటు కింద పట్టీ మీద ఉంటుంది. ఇంజను మీద ఇంకో నంబర్ ఉంటుంది, అది ఇంజను చేసిన కంపెనీది. దాన్ని పట్టుకెళ్తే డెక్ సామాను దొరకదు.

వాళ్ల సామాన్లన్నీ మనకి పనికిరావు. గడ్డి సంచి ఉంది చూడండి, అది పచ్చికను అందంగా ఉంచాలనుకునేవాళ్లకి. కోసిన గడ్డిని సంచిలో నింపి బయట పారబోస్తే మనకి మిగిలేదేముంది? మన అవసరానికి దగ్గరగా ఉన్నవి రెండే. ఒకటి, గడ్డిని మళ్లీ మళ్లీ తుంచి అక్కడే రాల్చే మల్చింగ్ బ్లేడు. రెండోది, కోసిన గడ్డిని పక్కకి, చెట్ల వరుసలోకి విసిరే ఏర్పాటు. స్లాషర్ కొనేటప్పుడు గడ్డి ఏ వైపు పడుతుందో అడగమని అందుకే చెప్తాను. సాళ్ల మధ్య కోసింది చెట్టు పాదులో పడితే మనిషి ఎత్తి పోసే కూలి మిగులుతుంది. మొదలుకి తగలకుండా జానెడు ఎడం మాత్రం ఉంచాలి.

వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మిషన్ కాదు, అలవాటు. ముందు నంబర్, తర్వాత టేపు, ఆ తర్వాతే కొనుగోలు.

"లేత్ షాపు ఉందిగా" అనేవాళ్లకి

కొందరు పెద్దలు అంటారు, "ఇదంతా మెకానిక్ పని. పడకపోతే లేత్ షాపులో బుష్ వేయిస్తాం, వెల్డింగ్ పెట్టిస్తాం. రైతుకి ఈ మిల్లీమీటర్ల గోల ఎందుకు?" ఈ మాటలో సగం నిజముంది. మన ఊళ్ల లేత్ పనివాళ్ల నైపుణ్యం తక్కువ చేసి చెప్పేది కాదు. లింకేజీ 28 మిల్లీమీటర్లు, పిన్ను 22 అయితే మధ్యలో బుష్ వేయడం సరైన పద్ధతే. దానికోసం తయారైన బుష్‌లే దొరుకుతాయి. కదలకుండా నిలిచి బరువు మోసేచోట ఇది చెల్లుతుంది.

వేగంగా తిరిగేచోట మాత్రం చెల్లదు. తిరిగే షాఫ్టుకి అతుకు, బ్లేడుకి వెల్డింగ్, వదులుగా ఉన్నచోట రేకు ముక్క... ఇవి కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన బాపతు. తెగాల్సిన చోట తెగేలా పెట్టిన మెత్తటి షియర్ బోల్టుని కూడా తీసేసి, "మాటిమాటికీ తెగుతోంది" అని గట్టి బోల్టు వేయిస్తారు. అప్పుడు బోల్టు తెగదు, గేర్‌బాక్స్ పగులుతుంది. అసలు లేత్ పనివాడైనా ముందు అడిగేది కొలతే కదా.

కొలత మనకి కొత్తేమీ కాదు కూడా. మన తాతలు గొర్రు చేయించాలంటే వడ్రంగి దగ్గర కూర్చుని సాలుకీ సాలుకీ ఎంత ఎడం కావాలో చెప్పేవాళ్లు. గుంటక పాస సాళ్ల మధ్య పట్టేలా చేయించుకునేవాళ్లు. అంతర కృషికి కాడి పొడవు కూడా పైరు సాళ్లని బట్టే. జాన, బెత్తెడు, మూర వాళ్ల టేపులు. పనిముట్టు పొలానికి సరిపోవాలి గానీ పొలం పనిముట్టుకి సరిపోవడం కాదన్నది వాళ్లకి తెలుసు. మిషన్ వచ్చాక మనం ఆ అలవాటు షాపువాడికి అప్పజెప్పేశాం.

తోటని కూడా కొలవండి

మిషన్ కొలిచి ఊరుకుంటే సగమే అయింది. చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎడం కాదు, కొమ్మకీ కొమ్మకీ మధ్య మిగిలిన దారి కొలవండి. నిమ్మ 6 మీటర్ల ఎడంలో నాటినా, చెట్లు గుబురయ్యాక దారి సగం కూడా మిగలదు. కింది కొమ్మ నేలకి ఎంత ఎత్తులో ఉందో చూడండి. డ్రిప్ పైపు మొదలుకి ఎంత దూరంలో ఉందో, గడ్డిలో దాక్కుని ఉందో లేదో చూడండి. స్లాషర్ ఒక్కసారి డ్రిప్ పైపుని పట్టుకుంటే ఎంత పైపు చుట్టుకుంటుందో అనుభవించినవాళ్లని అడగండి.

కోత ఎత్తు కూడా కొలతే. నేలకి ఆనించి గీరొద్దు. మూడు నాలుగు అంగుళాలు వదిలి కోస్తే గడ్డి మొదలు బతికి ఉంటుంది, నేల కప్పి ఉంటుంది, బ్లేడు రాళ్లకి తగలదు. మళ్లీ పెరిగిన గడ్డి మళ్లీ ఆచ్ఛాదన అవుతుంది. ప్రకృతి వ్యవసాయంలో నేల ఏడాది పొడుగునా కప్పి ఉండాలంటాం కదా, దానికి ఈ మూడు నాలుగు అంగుళాలే ఆధారం.

ఎవరెవరు ఏం చేయాలి

అమ్మేవాళ్లకి ఒక మాట. "యూనివర్సల్" అనే ముద్ర తీసేసి, పెట్టె మీద షాఫ్టు కొలత, పళ్ల లెక్క, రంధ్రం కొలత, కోత వెడల్పు అచ్చు వేయండి. బిల్లు మీద కూడా రాయండి. అంతకంటే ఖర్చు లేని సేవ ఇంకోటి లేదు. సబ్సిడీ మీద ఇచ్చే పనిముట్లకైతే ఇది షరతుగా పెట్టాలని నా అభిప్రాయం. ప్రభుత్వ సొమ్ముతో వచ్చిన స్లాషర్ పిన్ను సైజు కలవక కస్టమ్ హైరింగ్ సెంటర్ గోడకి ఆనుకుని తుప్పు పడితే ఆ నష్టం అందరిదీ.

వీడియోలు తీసే మాలాంటి వాళ్లకీ ఇదే మాట. మిషన్ గడగడా కోసుకుపోతుంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ అటాచ్‌మెంట్ ఏ షాఫ్టుకి పడుతుందో చెప్పని వీడియో రైతుకి సగం సాయమే. ధర, ఫోన్ నంబర్ చెప్పే చోట ఇంకో పావు నిమిషం కొలతకి ఇవ్వాలి.

ఇక మన రైతుల వంతు. టేపు ఒకటి, వర్నియర్ కాలిపర్ ఒకటి ఉంటే చాలు. వర్నియర్ ఇంటికొకటి అక్కర్లేదు, సంఘానికొకటి సరిపోతుంది. మిషన్ కడిగి, ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు తీసి, ఒక్క సాయంత్రం కూర్చుంటే మొత్తం అయిపోతుంది. మోడల్ నంబర్, పైపు లావు, పళ్ల లెక్క, బ్లేడు రంధ్రం, ఆరు పలకల షాఫ్టయితే పలక నుంచి పలకకి, బెల్టు మీది అంకె, ట్రాక్టరయితే మూడు పిన్నులు, చేతుల మధ్య ఎడం, టైర్ల బయటి వెడల్పు... ఇవన్నీ రాసి ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. అదే కొలతల్ని షెడ్డు తలుపు లోపలివైపు పెయింటుతో కూడా రాసిపెట్టండి. కాగితం పోతుంది, ఫోన్ మారుతుంది, తలుపు ఎక్కడికీ పోదు.

ఈ పని వానల ముందే చేయండి. గడ్డి మోకాలెత్తు లేచాక టేపు వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు. ఇంకెప్పుడైనా షాపాయన "అన్నిటికీ పడుతుంది" అంటే, "సరే అన్నా, ఎన్ని మిల్లీమీటర్లో చెప్పు" అని అడగండి. చెప్పగలిగితే కొనండి. చెప్పలేకపోతే ఇంకో షాపు చూసుకోండి.